పేరు లేని వైరస్‌కు మందు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో నేమి, తెలుగునాట మరెక్కడ నేమి, కన్నులు పచ్చబడినచో పసరు మందు వేయించుకొనువారు నేటికిని కలరు. హెపటైటిస్ 'ఎ' వలన వచ్చిన కామెర్లు సాధారణముగా కొన్ని వారములలో తమంత తామే తగ్గును. కీర్తి మాత్రము పసరుకు దక్కును. హెపటైటిస్ 'సి' అట్లు కాదు. అది సోకిన పెక్కుమందికి కన్నులు పచ్చబడనే పడవు.

ఇది నీటి ద్వారా రాదు. రక్తము ద్వారా వచ్చును. శుద్ధిచేయని సూదులు, పరీక్షింపని రక్తము దీనికి ముఖ్యమైన త్రోవలు. సోకిన మొదటి ఆరు నెలలను తీవ్ర దశ అందురు. ఇచట తీవ్రమనగా బాధ హెచ్చని కాదు, జబ్బు క్రొత్తదని మాత్రమే అర్థము. నూటికి 15 నుండి 45 మందిలో వైరస్ ఈ దశలోనే మందు లేకుండ తొలగిపోవును. తక్కినవారిలో అది దీర్ఘకాలికమై నిలిచిపోవును. వారిలో 15 నుండి 30 శాతము మందికి ఇరువది ఏండ్లలో కాలేయము గట్టిపడి సిరోసిస్ ఏర్పడవచ్చును.

1975లో అమెరికాలో హార్వే ఆల్టర్, ఆయన సహచరులు రక్తమార్పిడి వలన వచ్చు కామెర్లలో చాల భాగము 'ఎ' కాదు, 'బి' కాదు అని తేల్చిరి. పదునాలుగేండ్లు ఆ జబ్బుకు అదే పేరు! 1989లో మైకేల్ హౌటన్ బృందము వైరస్‌ను కంటితో చూడకయే దాని జన్యుభాగమును పట్టుకొనెను. చిత్రమేమనగా చికిత్స అంతకు ముందే మొదలైనది. 1986లో హూఫ్‌నాగిల్ పదిమంది రోగులకు ఇంటర్‌ఫెరాన్ ఇచ్చి, పలువురిలో కాలేయము కుదుటపడుట చూపెను. శత్రువు ముఖము తెలియకయే వేసిన బాణమది.

కాని ఆ సూదిమందుతో జ్వరము, నీరసము, దిగులు. దీర్ఘరోగులలో పూర్తిగా నయమైనవారు కొద్దిమందే. 1998లో రిబావిరిన్ తోడైనది. ఆ పిమ్మట వారమునకు ఒక్కసారి వేయు ఇంటర్‌ఫెరాన్ వచ్చి, సుమారు సగము మందికి నయమయ్యెను. 2001లో జర్మను వైద్యులు ప్రకటించిన ఫలితము మరొక సంగతి తెలిపెను: తీవ్ర దశలోనున్న 44 మందికి 24 వారములు పాత ఇంటర్‌ఫెరాన్ ఒక్కటే ఇవ్వగా 43 మందిలో వైరస్ మాయమైనది. అయితే గుర్తులు లేని జబ్బును అంత తొలినాళ్లలో పట్టుకొనుటెట్లు?

2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్‌బువిర్ మాత్రకు అనుమతి లభించినది. వైరస్ తన ఆర్.ఎన్.ఏ. గొలుసును అల్లుకొనునపుడు ఈ మందు అసలు కొక్కెమువలె నటించి అందులో చేరును. అల్లిక అక్కడనే ఆగిపోవును. పన్నెండు వారముల చికిత్సకు అచట ధర 84,000 డాలర్లు, అనగా నాటి మారకమున 50 లక్షల రూపాయలకు పైమాట. ప్రొద్దుటూరు నేతగానికి అది ఉండియు లేనట్లే.

2014 సెప్టెంబరులో గిలియడ్ కంపెనీ ఏడు భారతీయ సంస్థలకు దీనిని తయారుచేయు అనుమతి ఇచ్చెను; వానిలో హైదరాబాదు హెటెరో ఒకటి. అదే నగరపు నాట్కో ఈ మందు పేటెంటును ఎదిరించి, 2015 మార్చిలో తానును ఆ అనుమతినే పొందెను. వ్యాపారములో ఇది వింత కాదు! నాట్కో 28 మాత్రల సీసాను 19,900 రూపాయలకు అమ్మజూపెను. మూడు సీసాలకు సుమారు 60,000. కూలివానికి అదియును బరువే. 2018 జులై 28న ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద పరీక్షలు, మందులు ఉచితమైనవి.

ఇప్పుడు సోఫోస్‌బువిర్‌ను డక్లాటాస్‌విర్‌తో గాని వెల్పటాస్‌విర్‌తో గాని పన్నెండు వారములు ఇచ్చినచో నూటికి 95 మంది వరకు స్వస్థులగుదురు. తీవ్ర దశలోనైనను ఆరు నెలలు వేచియుండక మందు మొదలుపెట్టుటయే నేటి నిపుణుల సలహా. ప్రతిరక్షకముల పరీక్ష ఒక్కటే చాలదు. నయమైన పిదపను అవి రక్తములో నిలిచియుండును గనుక ఆర్.ఎన్.ఏ. పరీక్ష అవసరము. దీనికి టీకా ఇంకను లేదు. నయమైనవానికి మరల సోకవచ్చును. అప్పటికే సిరోసిస్ వచ్చియున్నచో, వైరస్ పోయినను ఆరు నెలలకొకసారి కాలేయమును స్కానింగు చేయించవలెను.