మోటారు పలికిన సరిగమలు

విద్యుత్ కారు కదలునప్పుడు చెవిని గుచ్చు సన్నని కీచుధ్వని ఒక్కొక్కప్పుడు వినవచ్చును. బ్యాటరీ నుండి వచ్చు ప్రవాహమును ఇన్వర్టరు సెకనుకు వేలసార్లు తెంచి, కలిపి మోటారునకు అందించును. ఆ వేగమునకు తగినట్లు మోటారులోని లోహము కంపించి కూయును.

ఈ చిక్కు నేటి కార్లకంటె ముందు విద్యుత్ రైళ్లకు వచ్చినది. 1998లో జపానులోని కేక్యూ రైల్వే వారి 2100 శ్రేణి రైళ్లకు ఇన్వర్టర్లు సమకూర్చిన జర్మనీ సంస్థ సీమెన్స్, కూతను అణచుటకు బదులు, తెంపుల వేగమును స్వరస్థానముల వెంట మెట్లుమెట్లుగా పెంచినది. బండి కదలగానే సరిగమలు! ప్రయాణికులు దానిని ‘దోరెమిఫా’ అని ముద్దుగా పిలిచిరి. రసికులైన ఇంజనీర్లే!

తెంపులను సెకనుకు 20,000 దాటించినచో కూత మన చెవికందదు. కాని ప్రతి తెంపునకును కొంత విద్యుత్తు వేడిమియై వృథా యగును. పరికరములు మెరుగైన కొలది ఆ నష్టము తగ్గుచున్నది. స్వరములు పాడుచుండిన కడపటి కేక్యూ రైలు ఇన్వర్టరును సైతము 2021లో మార్చివేసిరి.