బిజినెస్ జెట్: చిన్న విమానాల పైలట్ జెట్ నడపాలంటే ఏం నేర్చుకోవాలి?

పడమటి దిక్కు నుంచి 41,000 అడుగుల ఎత్తులో కోల్‌కతాకు వస్తున్న చిన్న బిజినెస్ జెట్ ఎక్కడ కిందికి దిగడం మొదలుపెట్టాలి? లెక్క వేస్తే వచ్చే జవాబు దాదాపు జంషెడ్‌పూర్.

ప్రతి 1,000 అడుగులు దిగేందుకు సుమారు 3 నాటికల్ మైళ్ల దూరం కావాలన్నది పైలట్లు పాటించే సాధారణ సూత్రం. ఆ ప్రకారం 41,000 అడుగులకు 123 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 228 కిలోమీటర్లు అవసరం. జంషెడ్‌పూర్, కోల్‌కతా విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గంలో ఉన్న దూరం కూడా ఇంచుమించు అంతే. 5,000 అడుగుల ఎత్తులో ఎగిరే శిక్షణ విమానానికైతే 15 నాటికల్ మైళ్లు చాలు.

చిన్న విమానం నుంచి జెట్‌కు మారే పైలట్ ముందుగా అలవరచుకోవలసింది ఈ ముందుచూపునే.

ఉక్కు నగరం, విమానయానం

టాటా గ్రూపునకు విమానయానంతో పాత అనుబంధం ఉంది. 1929 ఫిబ్రవరి 10న భారతదేశంలో తొలి పైలట్ లైసెన్స్ పొందిన జేఆర్‌డీ టాటా, 1932 అక్టోబర్ 15న పస్ మాత్ అనే చిన్న విమానంలో కరాచీ నుంచి బొంబాయికి టపా తీసుకువచ్చారు. అనంతరం ఆయన 1938 నుంచి 1991 వరకు టాటా సన్స్ చైర్మన్‌గా ఉన్నారు.

జంషెడ్‌పూర్‌లోని సోనారీ విమానాశ్రయం టాటా స్టీల్‌కు చెందినది. అక్కడి రన్‌వే పొడవు సుమారు 1,200 మీటర్లు. ఉడాన్ పథకం కింద 2023 జనవరిలో ఇక్కడి నుంచి 9 సీట్ల సెస్నా గ్రాండ్ కారవాన్ సర్వీసు మొదలైంది. అది ప్రొపెల్లర్ ఉన్న విమానం.

తేడా ఎక్కడ?

రెండు సీట్ల సెస్నా 152 శిక్షణ విమానానికి 110 హార్స్‌పవర్ ఇంజిన్ ఉంటుంది. దాని వేగం గంటకు సుమారు 195 కిలోమీటర్లు. చిన్న బిజినెస్ జెట్లలో ఒకటైన ఎంబ్రేయర్ ఫినామ్ 100 గంటకు సుమారు 720 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది. దాని గరిష్ఠ టేకాఫ్ బరువు సెస్నా 152 బరువుకు ఆరు రెట్లకు పైనే.

ప్రొపెల్లర్ విమానంలో ఇంజిన్ శక్తి తగ్గించగానే ప్రొపెల్లరే కొంతవరకు బ్రేకులా పనిచేస్తుంది. శక్తి పెంచగానే రెక్కల మీదుగా గాలి జోరుగా వీస్తుంది. జెట్‌లో ఈ రెండూ ఉండవు. అది త్వరగా వేగం తగ్గదు. పూర్తిగా తగ్గించిన ఇంజిన్ మళ్లీ పూర్తి శక్తిని అందుకునేందుకు కొన్ని సెకన్లు పడుతుంది. అందువల్ల ల్యాండింగ్‌కు ముందు వేగం, ఎత్తు అదుపులో లేకపోతే చివరి క్షణంలో సరిదిద్దుకునే ప్రయత్నం మాని, మళ్లీ పైకి లేవాలని పైలట్లకు నేర్పుతారు.

రన్‌వే ఎంత ఉంటే సరిపోతుంది?

దిగే వేగం 10 శాతం పెరిగితే, బ్రేకులు ఆపవలసిన శక్తి 21 శాతం పెరుగుతుంది. అందుకే వాణిజ్య జెట్ అందుబాటులో ఉన్న రన్‌వేలో 60 శాతం లోపే ఆగగలగాలన్న నిబంధన అనేక దేశాల్లో అమల్లో ఉంది. 1,200 మీటర్ల రన్‌వేపై అది 720 మీటర్లే. రన్‌వే తడిసి ఉంటే లెక్క మరింత కఠినమవుతుంది. వేసవి ఎండల్లో గాలి పలుచబడటంతో టేకాఫ్‌కు ఎక్కువ దూరం కావాలి.

2023 సెప్టెంబర్ 14న విశాఖపట్నం నుంచి వెళ్లిన లియర్‌జెట్ 45 విమానం ముంబయిలో భారీ వర్షంలో దిగుతూ రన్‌వే పక్కకు దూసుకుపోయింది. ఆ సమయంలో 700 మీటర్ల దూరం వరకే కనిపిస్తోందని డీజీసీఏ తెలిపింది. విమానంలోని 8 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

ఎత్తుతో వచ్చే ముప్పు

40,000 అడుగుల ఎత్తులో క్యాబిన్‌లో గాలి పీడనం ఒక్కసారిగా పడిపోతే, మనిషి తెలివిగా స్పందించగల వ్యవధి 15 నుంచి 20 సెకన్లు మాత్రమే. కారణం వెతకడానికి ముందే ఆక్సిజన్ మాస్క్ ధరించడం పైలట్‌కు అలవాటుగా మారాలి.

శిక్షణ ఎలా ఉంటుంది?

భారతదేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు కనీసం 200 గంటల ఫ్లయింగ్ అనుభవం కావాలి. జెట్ నడిపేందుకు ఆ లైసెన్స్ ఒక్కటే చాలదు. ఆ రకం విమానానికి ప్రత్యేకంగా టైప్ రేటింగ్ పొందాలి. ఇందులో విమాన వ్యవస్థలపై తరగతులు, పరీక్ష, సిమ్యులేటర్ శిక్షణ ఉంటాయి. టేకాఫ్ సమయంలో ఒక ఇంజిన్ ఆగిపోవడం, మంటలు రావడం, పీడనం పడిపోవడం వంటి నిజ విమానంలో అభ్యసించలేని ప్రమాదకర పరిస్థితులను సిమ్యులేటర్‌లో పదేపదే ఎదుర్కోవాలి.

ఫినామ్ 100, కొన్ని సెస్నా సైటేషన్ రకాలను ఒక్క పైలట్ నడిపేందుకు కూడా ధ్రువీకరించారు. అయినా ప్రయాణికులను తీసుకెళ్లే విమానాల్లో సాధారణంగా ఇద్దరు ఉంటారు. ఒకరు నడుపుతుంటే, మరొకరు గమనిస్తూ రేడియో, చెక్‌లిస్ట్ చూసుకుంటారు. ఏళ్ల తరబడి ఒంటరిగా ఎగిరిన పైలట్‌కు తన నిర్ణయాన్ని పైకి చెప్పడం, పక్కనున్నవారి హెచ్చరికను వినడం కొత్త పాఠాలే.

చిన్న విమానంలో గడించిన అనుభవం జెట్‌లోనూ ఉపయోగపడుతుంది. అయితే పాత అలవాటు కొత్త వేగానికి సరిపోదు. కోల్‌కతాలో దిగవలసిన జెట్ పైలట్ జంషెడ్‌పూర్ దాటాక ఆలోచన మొదలుపెడితే, అప్పటికే ఆలస్యమైనట్లు లెక్క.