కోలారు బంగారు నేల బిడ్డ – కె.సి.రెడ్డి

మన మరిపెడ ప్రాంతపు పెద్దలకు 1947 ఆగస్టు 15 పండుగ కాలేదు. నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది 1948 సెప్టెంబరు పోలీసు చర్యతోనే. రజాకార్ల కథలు వింటూ పెరిగిన నాకు, పక్క సంస్థానమైన మైసూరులో ఏం జరిగిందో తెలుసుకోవాలని ఉండేది. ఉద్యోగ విరమణ తర్వాత చదివిన కొద్దీ ఒక తెలుగువారి పేరు ఎదురైంది. ఆయనే క్యాసంబళ్లి చెంగలరాయ రెడ్డి.

కోలారు బంగారు గనులను జాన్ టేలర్ అనే ఇంగ్లీషు కంపెనీ నడిపేది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపు నుంచి వలస వెళ్లిన కూలీలు ఎందరో అందులో దిగేవారు. 1902లో శివసముద్రం నుంచి ఆ గనులకు కరెంటు వచ్చింది. అదే ఏడు మే 4న గనులకు దగ్గరి క్యాసంబళ్లిలో రెడ్డిగారు జన్మించారు.

న్యాయశాస్త్రం చదివిన ఆయన 1930లో మిత్రులతో కలిసి ప్రజాపక్షం స్థాపించారు. 1937 నాటికి అది కాంగ్రెసులో కలిసింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా మైసూరులో దివాను పాలనే సాగుతుంటే, 1947 సెప్టెంబరులో ‘మైసూరు చలో’ ఉద్యమం లేచింది. రెడ్డిగారు అందులో ముందు నిలిచారు. మహారాజు దిగివచ్చారు. అక్టోబరు 25న రెడ్డిగారు మైసూరు తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

మనకు ఎన్నికైన ముఖ్యమంత్రిగా బూర్గుల రామకృష్ణారావుగారు వచ్చింది 1952లో. ఈ తేడా ఎందుకు? మైసూరులో 1881 నుంచే ప్రజా ప్రతినిధుల సభ ఉంది. దానికి అధికారాలు తక్కువే అయినా, నోరు విప్పి అడిగే అలవాటు ప్రజలకు వచ్చింది. మన దగ్గర స్టేట్ కాంగ్రెసునే 1938లో నిషేధించారు. 1946 దాకా ఆ నిషేధం తొలగలేదు. అడిగే దారి మూసినచోట నెత్తురు పారింది.

1952లో పదవిని కెంగల్ హనుమంతయ్యగారికి అప్పగించి, రెడ్డిగారు ఢిల్లీలో కేంద్ర మంత్రిగా పనిచేశారు. తర్వాత మధ్యప్రదేశ్ గవర్నరు అయ్యారు. 1976లో కన్నుమూశారు. కోలారు గనులు 2001లో మూతపడ్డాయి.

మన మనుమలకు సెప్టెంబరు 17 గురించి చెప్పేటప్పుడు, పక్క రాష్ట్రపు ఈ కథ కూడా జోడించి చెప్పమని మిత్రులకు నా మనవి.