తివాచీని తిప్పి చూడండి

మొన్న జంగారెడ్డిగూడెంలో మా చాచా ఇంటికి వెళ్తే, మేడమీద గదుల ఫర్ష్ గురించి పెద్ద బహస్ నడుస్తోంది. కొత్త దుల్హన్ అడుగుపెట్టబోయే ఇల్లు. తమ్ముడికి లామినేట్ కావాలి, టేకు చెక్కలా మెరవాలి. చాచీకేమో అది "నక్లీ మాల్". దుకాణంలో ఇచ్చిన ముక్కను చాచా నా చేతిలో పెట్టి, "నువ్వే ఫైసలా చెయ్యి బేటా" అన్నారు. నేను దాని ముఖం చూడలేదు. తిప్పి అంచు చూశాను. ఈ ఆదత్ నాకు ఏలూరు నుంచి వచ్చింది.

తివాచీ తెలిసినవాళ్లు ముందు దాన్ని బోర్లా తిప్పుతారు. పైన పువ్వులు ఎవరినైనా మోసం చేయగలవు, వెనక ముడులు చేయలేవు. నిలువు మగ్గం మీద పడుగు పోగులకు ఉన్ని దారాన్ని ఒక్కో ముడిగా వేసి, ఇనుప దువ్వెనతో కొట్టి, కత్తెరతో కోస్తారు. అంగుళానికి ఎన్ని ముడులో వెనకవైపే తెలుస్తుంది. కారీగర్ ఓపిక ఎంతో, మజ్దూరీ ఎంత రావాలో కూడా అక్కడే తేలిపోతుంది.

ఈ హునర్‌ను పర్షియా నుంచి వచ్చి ఏలూరులో స్థిరపడ్డ ఖాందాన్‌లు తెచ్చాయని రివాయత్. అందులో ఆశ్చర్యం లేదు. కుతుబ్ షాహీల కాలంలో మచిలీపట్నం బందరుకి ఇరానీ తాజిర్లు, ఓడలు వస్తూపోతూ ఉండేవి, ఏలూరు అక్కడికి దగ్గరే. ఏలూరులో తంగెళ్లమూడి వైపు ఈ పని పేరు మోసింది. 1908లో మద్రాసు ప్రభుత్వం హెన్రీ హారిస్ అనే ఆయన చేత దక్షిణాది తివాచీ పని మీద ఒక కితాబు అచ్చు వేయించింది. అక్కడి నమూనాల పేర్లు వినండి: హాషింఖానీ, రామచంద్రఖానీ, గోపాల్‌రావుఖానీ. పర్షియన్ బాగ్ మన గోదావరి గడ్డ మీద దిగి, గోపాల్‌రావు పేరు కూడా పెట్టుకుంది! నాకు ఆ జాబితాలో అన్నిటికన్నా నచ్చింది అదే.

మరి అంత పని ఎందుకు చితికింది? మెషిన్ వచ్చి మింగేసిందని మనవాళ్లు ఒక్క మాటలో తేల్చేస్తారు. కథ అంతకంటే చేదుది. 1880లో జార్జ్ బర్డ్‌వుడ్ హిందూస్తాన్ కళల మీద రాసిన పుస్తకంలో మచిలీపట్నం తివాచీల గురించి అఫ్సోస్ పడ్డాడు. ఒకప్పుడు మేటిగా ఉన్నవాటిని, ఇంగ్లీషు దిగుమతిదారులు చౌక సరుకు వాడమని పట్టుబట్టి పాడు చేశారని రాశాడు. 1856లో పెర్కిన్ కనిపెట్టిన రసాయన రంగుల జమానా అప్పటికే మొదలైంది. జైళ్లలో ఖైదీలతో నేయించిన సరుకు కూడా బజారులోకి దిగింది. ఇంట్లో నేసే కారీగర్ ఆ ధరకు ఎలా దిగుతాడు? నమూనా అదే, పువ్వు అదే. ముడులు పలచబడ్డాయి, రంగు వెలిసింది. కొనేవాడు వెనక్కి తిప్పి చూడటం మానేశాడు. రోజీరోటీ కోసం చాలామంది వేరే పని వెతుక్కున్నారు.

ఇక లామినేట్. చాచీ అన్న "నక్లీ" మాట సగం నిజం. పైన కనిపించేది చెక్క ఫోటో అచ్చు వేసిన కాగితం. దాని మీద మెలమైన్ రెసిన్, అల్యూమినియం ఆక్సైడ్ కలిసిన పారదర్శక పొర. అరుగుదలను ఆపేది అదే. కింద చెక్క నారను వేడితో, ఒత్తిడితో గట్టిగా నొక్కిన ఎచ్‌డీఎఫ్ పలక. అడుగున మరో పొర, పలక వంగకుండా. 1977లో స్వీడన్‌లో పెర్‌స్టార్ప్ కంపెనీ దీన్ని తయారుచేసింది. మొదట జిగురుతో అతికేవారు, 1990లలో ఒకదానిలో ఒకటి టక్కున కూర్చునే అంచులు వచ్చాయి.

దీనికి ప్రాణం ఆ మధ్య పలకే, దుష్మన్ నీళ్లు. నీళ్లు జాయింట్లలోకి దిగితే పలక ఉబ్బుతుంది, అంచులు లేస్తాయి, మళ్లీ కిందికి దిగవు. మన ఇళ్లలో బకెట్ కుమ్మరించి కడగడం అలవాటు. వుజూ చేసి తడికాళ్లతో గదిలోకి వస్తాం. కాబట్టి వంటింట్లోకి, కిందింటి చెమ్మ గదుల్లోకి, వుజూ చేసే చోటికి ఇది వద్దు. పడగ్గదుల్లో వేసుకుంటే బాగా పిండిన గుడ్డతోనే తుడవాలి. గోడ చుట్టూ ఎనిమిది, పది మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. వానాకాలం తేమకు పలకలు సాగుతాయి, చోటు లేకపోతే మధ్యలో పొంగుతాయి. పెట్టె మీద "ఏసీ" పక్కన అంకె ఉంటుంది, అరుగుదలకు అది ఎంత తట్టుకుంటుందో చెప్పేది. ఇంటికి మూడు చాలు. దుకాణంలో ముందు ఆ అంకె, అంచు, మందం చూడండి. రంగు తర్వాత.

ఇదంతా చెప్పాక చాచీ, "అయితే నక్లీయే కదా" అంది. నక్లే. కానీ తన లోపల ఏముందో అంచులో చూపించే నక్ల్. బజారు పాడుచేసిన తివాచీ మాత్రం పాత పేరు చెప్పుకొని అమ్ముడుపోయింది.

చివరికి మేడమీద రెండు పడగ్గదులకు లామినేట్ ఒప్పుకున్నారు. కింద దాదీ గదిలో తాండూరు బండలు అలాగే ఉంటాయి. దాదీ ట్రంకు పెట్టెలో పాత గలీచా ఒకటి ఉంది, ఏలూరుదని ఆమె మాట. తమ్ముడు దాన్ని తీసి బోర్లా తిప్పి, వేలితో ముడులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.