మజిలీ లెక్క

రేడియోలో పనిచేయువారికి నిమిషము విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఏ ప్రసంగము ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియవలెనో ముందుగా వ్రాసిపెట్టుకొనుట మా వృత్తిధర్మము. అందుచేత కాలపట్టికలు వేయు ఇతరుల కష్టసుఖములయందు మాకు సహజముగనే ఆసక్తి కలదు. నేడు లారీల దారిని, వేళను కంప్యూటరు నిర్ణయించుచున్నది. ఏ సరకు ఏ బండిలో, ఏ మార్గమున, ఎన్ని గంటలకు చేరవలెనో అది క్షణములో లెక్కకట్టి చెప్పును. ఆ లెక్కలో బండి నడుపువాని విశ్రాంతికి చోటెక్కడ? ఈ ప్రశ్న కంప్యూటరుతో పుట్టినది కాదు. నెల్లూరు తీరమున దీనికి రెండువందల యేండ్ల చరిత్ర కలదు.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్నమునుండి కాశీకి బయలుదేరి, తిరుగుదారిని కలకత్తా, జగన్నాథముల మీదుగా తూర్పుతీరము వెంబడి వచ్చి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. వారి యాత్రాచరిత్రము 1838లో అచ్చయ్యెను. అందు ఊరూరికి దూరమెంత, నీళ్లు మంచివా కావా, దిగుటకు సత్రము కలదా, అంగళ్లు కలవా అను విషయములు ఓపికగా వ్రాయబడినవి. పల్లకి మోయు బోయీలు మనుష్యులు. వారికి నీడయు, నీరును, అన్నమును దొరకు చోటనే ప్రయాణము ఆగవలెను. కనుక ఆనాటి మజిలీ అను మాటలో దూరమును, కాలమును, విశ్రాంతియు మూడును ఇమిడియుండెను. దారి పొడుగును బోయీల ఓపిక కొలిచెను.

అదే కాలమున కంపెనీవారి తపాలా పద్ధతిని నడచు ప్రయాణము వేరొకటి యుండెను. ప్రయాణికుడు తన దారిని, బయలుదేరు వేళను, నడుమ ఆగదలచిన చోట్లను ముందుగా పోస్టుమాస్టరునకు తెలుపుకొనవలెను. ఆయన దారిపొడవున ఇంచుమించు పది మైళ్లకొక జట్టు చొప్పున బోయీలను సిద్ధపరచును. ఒక జట్టు అలసినచోట మరొక జట్టు పల్లకి నెత్తుకొనును. దివిటీల వెలుగున రాత్రియంతయు పల్లకి కదలుచునే యుండును. లోపలివాడు నిద్రించును, మోయువాడును తన వంతు తీరగానే విశ్రమించును. బండి ఆగకుండవలెనన్న మనిషిని మార్చవలెను, మనిషిని మార్చనిచో బండిని ఆపవలెను. ఈ రెండుగాక మూడవ మార్గము నాడు లేదు. నేటికిని లేదు.

తరువాత కాలువ వచ్చెను. చెన్నపట్నమునుండి ఎన్నూరునకు 1806లో తవ్వ నారంభించిన కాలువ క్రమముగా ఉత్తరమునకు సాగి, 1876-78 నాటి మహాక్షామమున కరవుపనిగా మరింత పొడిగింపబడి, నాటి గవర్నరగు బకింగ్‌హాం ప్రభువు పేరు దాల్చెను. పెదగంజామునుండి మరక్కాణమువరకు సుమారు 420 కిలోమీటర్ల ఆ జలమార్గమున ఉప్పు, కట్టెలు, ధాన్యము నావలపై నడచెను. తెరచాపకు గాలి లేనపుడు గెడయే శరణ్యము, గెడయు చాలనిచోట గట్టున నడచి తాటితో లాగవలెను. లాకు వద్ద తలుపు తెరచువరకు నావ నిలిచియుండును. అట్టి నిలుపుదలలో పడవవాడు నడుము వాల్చియుండవచ్చును. కాని అది అతని అలసటను చూచి ఏర్పరచినది కాదు, నీటిమట్టమును చూచి ఏర్పడినది. నిరీక్షణకును విశ్రాంతికిని గల ఈ భేదమును శ్రోతలు జ్ఞాపకముంచుకొందురుగాక.

మోటారు వచ్చినపిమ్మట గుఱ్ఱమునకును ఎద్దునకును ఉన్న అలసట బండికి లేకపోయెను. ఎద్దు తానే నిలిచిపోయి బండివానికి విశ్రాంతి నిచ్చెడిది. యంత్రము అట్లు నిలువదు. అందుచేత ఆ పని చట్టము చేయవలసి వచ్చెను. ఇంగ్లండులో 1930 నాటి రోడ్డు చట్టము డ్రైవరు ఎడతెగక అయిదున్నర గంటలకు మించి నడుపరాదనెను. మన దేశమున 1939 నాటి మోటారు వాహనముల చట్టము అయిదు గంటలకు పిమ్మట అరగంట విశ్రాంతి నియమించెను. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలువదియెనిమిది గంటలు అని హద్దు పెట్టి, దూరపు దారులకు దినమునకు పది గంటలవరకు సడలింపు నిచ్చి, ఒకనాటి పని ముగింపునకును మరునాటి పని ఆరంభమునకును నడుమ తొమ్మిది గంటల వ్యవధి యుండవలెననెను. 2020లో పార్లమెంటు పదమూడు కార్మిక చట్టములను ఒక్క స్మృతిగా కూర్చినపుడు దీనినికూడ అందు చేర్చిరి. ఐరోపా సమాజమున 2006 నాటి నియమము ప్రకారము నాలుగున్నర గంటలకు నలువదియైదు నిమిషములు.

ఇట్లు విశ్రాంతి గంటలలోనికి వచ్చెను. గంటలలోనికి వచ్చుచు చోటును పోగొట్టుకొనెను. చట్టము ఎప్పుడు ఆగవలెనో చెప్పును, ఎక్కడ ఆగవలెనో చెప్పదు.

లారీల దారిని గణితముతో సాధించుటకు 1959లో అమెరికాలో డాంట్‌జిగ్, రామ్సర్ అను నిరువురు పూనుకొనిరి. ఒక డిపోనుండి పెక్కు పెట్రోలు బంకులకు లారీలను పంపుటయందు మొత్తము దూరమును తగ్గించుట వారి సమస్య. అయిదేండ్లకు ఇంగ్లండున క్లార్కు, రైటు అనువారు మరింత సులువైన పద్ధతి చూపిరి. వారు లారీ ఎంత బరువు మోయగలదో లెక్కించిరి. డ్రైవరు ఎంతసేపు మేలుకొనగలడను ప్రశ్న తరువాతివారికి మిగిలెను.

ఆ ప్రశ్న ఎంత చిక్కైనదో మన రహదారిమీదనే చూతము. చెన్నైనుండి నెల్లూరు సుమారు 175 కిలోమీటర్లు, అక్కడికి కావలి ఇంచుమించు 55. లారీ సగటున గంటకు 45 కిలోమీటర్లు నడచుననుకొన్నచో అయిదు గంటలకు 225 కిలోమీటర్లు. అనగా కావలికి అయిదు కిలోమీటర్లు ఉండగనే గడువు తీరును. కనుక నెల్లూరు దాపున ఆగుట మేలు. ఒంగోలు పోవు బండికి ఇందువలన నష్టము లేదు, ఎక్కడ ఆగినను అరగంటయే. కాని 450 కిలోమీటర్ల విజయవాడకు పోవు బండి నెల్లూరున ఆగినచో, అక్కడినుండి అయిదు గంటలు నడచినను ఇంకను 50 కిలోమీటర్లు మిగులును, రెండవమారు ఆగవలెను. అంతేకాదు, ఆ దూరమునకు నడుపుటకే పది గంటలు కావలెను. ఎనిమిది గంటల దినము ఒక్క డ్రైవరుకు చాలదు. నడుమ రాత్రి మజిలీయో, రెండవ డ్రైవరో ఉండవలెను. ముందు దారి వేసి, పిమ్మట మిగిలిన సందులలో విశ్రాంతిని ఇరికించు పద్ధతి ఇందుకే చెడును. విశ్రాంతి మారినచో చేరు వేళ మారును, వేళ మారినచో ఏ బండి ఎక్కడికి పోవలెననుటయే మారును. ఒకటి తాజాగా నడిపిన గంటలకు, ఒకటి దినములోని మొత్తము గంటలకు, రెండు గడియారములు చూచుచు, బండి నిలుపుటకు వీలగు చోట్లను గుర్తించుచు దారిని వెదకు సాఫ్ట్‌వేరే సరియైనది.

దీని తీవ్రత మన తీరమునకు బాగుగా తెలియును. 2009లో మన దేశమున వనామీ రొయ్య పెంపకమునకు అనుమతి వచ్చినపిమ్మట నెల్లూరు తీర గ్రామములలో చెరువులు విస్తరించినవి. పట్టిన రొయ్యను వెంటనే మంచులో వేసి ఫ్యాక్టరీకి పంపవలెను. మంచు కరగుచుండును, రొయ్య చెడుచుండును, వెల పడిపోవుచుండును. ఆ తొందర కంతటికి సమాధానము చెప్పువాడు స్టీరింగు పట్టినవాడు. మంచునకు గడియారమున్నట్లే అతని కంటికిని ఒకటి కలదు. తెల్లవారుజామున రెండు మొదలు అయిదు గంటలవరకు నిద్ర మనిషిని గట్టిగా పట్టు వేళ. మంచు కరిగినచో మరల వేయవచ్చును. ఆ వేళ రెప్ప ఒక్క క్షణము వాలినచో దిద్దుకొనుటకు వీలుండదు.

రాష్ట్ర పోలీసులు రహదారులపై రాత్రివేళ వాహనముల నాపి డ్రైవర్లచేత ముఖము కడిగించుచున్నారు. అది మంచి పనియే. కాని చల్లని నీళ్లు నిద్రను కొంతసేపు వాయిదా వేయగలవేగాని తీర్చజాలవు. అట్లే ఓడరేవు ద్వారము వద్దనో కాటా వద్దనో వరుసలో గడచిన గంటను విశ్రాంతిగా వ్రాయుటయు తగదు. 1961 చట్టము గమ్యస్థానములందు పదిహేను నిమిషములకు లోబడిన నిరీక్షణను పనిలో చేర్చెను. అంతకు మించిన నిరీక్షణయంతయు విశ్రాంతి యగునా? అడుగడుగునకు బండిని ముందుకు జరుపవలసినవాడు కన్ను మూయలేడు. కాలువ లాకు వద్ద నిలిచిన పడవవాని గతియే ఇతనిదియు.

కనుక పట్టిక వేయువారిని మేము కోరునది స్వల్పము. విశ్రాంతిని లెక్క చివర కాక మొదట వ్రాయుడు. నిమిషములతోపాటు ఊరిపేరును వ్రాయుడు. అక్కడ బండికి చోటు, మనిషికి నీడ, నీరు, నడుము వాల్చుటకు మంచము కలవో లేవో విచారింపుడు. వీరాస్వామయ్యగారు పల్లకిలో కూర్చుండి కలముతో చేసిన పని ఇదియే. ఈ రాత్రి మన ఇండ్లలో రేడియో కట్టి దీపములార్పిన పిమ్మటకూడ, మనము రేపు తినబోవు బియ్యమును, పాలను, చేపలను మోయుచు పెన్న వంతెనమీదుగా లారీలు సాగిపోవుచుండును. వానిని నడుపువారికిని ఒక మజిలీ యుండవలెను.