సీసపు సైనికుడి ఎదుట కెమెరా

రంగులద్దిన చిన్న సైనిక బొమ్మలను ఫొటో తీసే అలవాటు ప్రధానంగా ఇరవయ్యో శతాబ్దానిది. బొమ్మలు అంతకు చాలా ముందునుంచే ఉన్నాయి. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో 18వ శతాబ్దం ద్వితీయార్ధంలో యోహాన్ గాట్‌ఫ్రీడ్ హిల్పెర్ట్ పలకరాతి అచ్చుల్లో తగరం పోసి, రేకులాంటి పలచటి సైనికులను తయారుచేశాడు. అదే ఊళ్లో ఎర్నస్ట్ హైన్‌రిక్సెన్ 1839లో కార్ఖానా పెట్టాడు. 30 మిల్లీమీటర్ల ఎత్తును ప్రమాణంగా స్థిరపరచింది ఆ కార్ఖానాయే. డాగెర్ ఫొటో పద్ధతి పారిస్‌లో లోకానికి వెల్లడైంది కూడా 1839లోనే. దానికి సరిగ్గా ముందటి ఏడు విలియం సైబోర్న్ అనే సైనికాధికారి వాటర్లూ యుద్ధభూమి నమూనాను లండన్ ఈజిప్షియన్ హాల్లో ప్రదర్శించాడు. దాని మీద సుమారు 75,000 లోహపు బొమ్మలు ఉండేవి. అది ఇప్పుడు లండన్ నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది.

బొమ్మలూ కెమెరా ఒకే కాలంలో పెరిగినా ఒకదానికొకటి ఎదురుపడటానికి చాలాకాలం పట్టింది. నిజానికి తొలినాటి కెమెరాకు సీసపు సైనికుడికన్నా మంచి మోడల్ దొరకడు. 1855లో రోజర్ ఫెంటన్ క్రిమియా యుద్ధానికి కెమెరా మోసుకెళ్లాడు గానీ, అతని ఫొటోల్లో గుడారాలు, గుర్రాలు, కూర్చున్న అధికారులే తప్ప పోరు కనిపించదు. ఆనాటి గాజు ప్లేట్లకు కొన్ని సెకన్ల వెలుగు కావాలి. పరిగెత్తేవాడు ప్లేటు మీద నిలవడు. బొమ్మ సైనికుడు మాత్రం తుపాకీ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే గంటసేపైనా ఉంటాడు. అయినా అతణ్ని ఫొటో తీయాలన్న ఆలోచన బలపడలేదు. పిల్లల ఆటవస్తువు మీద ఖరీదైన ప్లేటు ఖర్చుపెట్టడం ఆ రోజుల్లో దుబారాగానే తోచి ఉండాలి.

బొమ్మ చవకయ్యాక పరిస్థితి మారింది. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ జూనియర్ బోలుగా పోతపోసే పద్ధతి తెచ్చాడు. కరిగిన సీసం అచ్చులో పోసి, గోడలకు అంటుకున్న పొర గట్టిపడగానే మిగిలినదాన్ని బయటకు వంపేస్తారు. లోపల డొల్లగా ఉండే బొమ్మకు లోహం తక్కువ పడుతుంది, బరువూ ధరా తగ్గుతాయి. 54 మిల్లీమీటర్ల ఆ సైనికులు నిండు బొమ్మలు పంపే జర్మన్ వ్యాపారులను గట్టిదెబ్బ తీశారు. బ్రిటన్స్ కంపెనీ సామ్రాజ్యంలోని రెజిమెంట్లను ఎన్నిటినో వరసబెట్టి పోతపోసింది. వాటిలో మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ కూడా ఉంది. ఉత్తర సర్కారు జిల్లాల తెలుగువాళ్లు తరతరాలుగా చేరిన మద్రాసు సైన్యం అలా లండన్ పిల్లల చేతుల్లోకి సీసపు రూపంలో చేరింది.

ఆ బొమ్మలతోనే హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ పుస్తకం ప్రచురించాడు. నేల మీద పరిచిన పోరుకు నియమాలు రాసి, హుక్స్ ఫామ్ అనే కల్పిత యుద్ధాన్ని ఫొటోలతో సహా వివరించాడు. బొమ్మల యుద్ధాన్ని ఫొటోల్లో చెప్పిన పుస్తకాల్లో బాగా పేరుపొందిన తొలి పుస్తకం ఇదే. ఫొటోలది మాత్రం ఆటగాడి చూపు. ఏ దళం ఎక్కడుందో తెలిస్తే చాలన్నట్టు ఉంటాయి. రంగు పనితనం చూపాలన్న ఉద్దేశం వాటిలో లేదు.

బ్రిటిష్ మోడల్ సోల్జర్ సొసైటీ 1935లో ఏర్పడింది. 1962లో డోనల్డ్ ఫెదర్‌స్టోన్ ‘వార్ గేమ్స్’, 1967లో పీటర్ యంగ్, జేమ్స్ లాఫర్డ్‌ల ‘ఛార్జ్!’, 1971లో చార్లెస్ గ్రాంట్ ‘ది వార్ గేమ్’ పుస్తకాలు వచ్చాయి. పెద్దల వ్యాపకంగా స్థిరపడిన ఈ ఆటకు 1971లోనే ‘మిలిటరీ మోడలింగ్’ పత్రిక తోడైంది. పుస్తకాల్లోని ఫొటోలు ఎక్కువగా నలుపు తెలుపువే. తేలికగా తీసినట్టు కనిపించే ఆ ఫొటోల వెనక కటకాలతో పెద్ద పేచీ ఉంది.

పేచీకి మూలం లోతు. కెమెరా వస్తువుకు దగ్గరయ్యేకొద్దీ స్పష్టంగా పడే పొర సన్నబడుతుంది. 28 మిల్లీమీటర్ల సైనికుడు 35 ఎంఎం ఫిల్ము ఫ్రేములో ముప్పాతిక ఎత్తు నిండేలా తీసి, అపర్చర్‌ను ఎఫ్ 16కి కుదించినా, స్పష్టత నాలుగైదు మిల్లీమీటర్లకు మించదు. ముక్కు స్పష్టంగా ఉంటే వీపు మీది సంచి మసకబారుతుంది, ముందుకు చాచిన బాయొనెట్ మొన పొగలో కలిసిపోతుంది. అపర్చర్‌ను ఇంకా బిగిద్దామంటే కాంతి సన్నని రంధ్రం అంచుల దగ్గర చెదిరి ఫొటో మొత్తం మెత్తబడుతుంది. 54 మిల్లీమీటర్ల బొమ్మ ఫ్రేములో సగమే నిండితే రెండు సెంటీమీటర్ల దాకా లోతు దొరుకుతుంది. అందుకే పెద్ద బొమ్మల ఫొటోలు ఎప్పుడూ ముందుగా బాగుపడ్డాయి. కొందరు బెలోస్ ఉన్న పెద్ద కెమెరాల్లో లెన్సును వంచి, స్పష్టత తలాన్ని బారు తీరిన దళం వెంట పడుకోబెట్టారు. ఆ సూత్రం ఆస్ట్రియా అధికారి తెయోడోర్ షైమ్‌ఫ్లూగ్ పేరుతో ప్రసిద్ధం.

రెండో చిక్కు చూపు ఎత్తుది. సైనికుడి పక్కన నిలబడిన మరో సైనికుడికి యుద్ధం ఎలా కనిపిస్తుందో అలా తీయాలంటే, 28 మిల్లీమీటర్ల బొమ్మకు కెమెరా కన్ను బల్ల మీదనుంచి దాదాపు రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. మామూలు లెన్సు గొట్టం సగం మందమే దానికి మించి ఉంటుంది. దాంతో బల్ల అంచున కెమెరాను కిందికి దించి తీయడం, బొమ్మల పక్కన అద్దం నిలబెట్టి అందులోని ప్రతిబింబాన్ని తీయడం వంటి ఉపాయాలు వచ్చాయి. అద్దం అంచు ఎక్కడైనా ఫ్రేములో పడితే మొత్తం మళ్లీ మొదలు. పైనుంచి తీసిన ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా అది బొమ్మ ఫొటోయే. కంటి ఎత్తుకు దించగానే వెనక ఆకాశం తెర కూడా అవసరమవుతుంది, లేకపోతే ఫిరంగి వెనక వంటింటి అలమారా కనిపిస్తుంది.

వెలుతురు రంగుతోనే తగువు పెట్టుకుంది. పాత ఆటబొమ్మలకు మెరిసే ఎనామిల్ పూసేవారు. దాని మీద ఏ దీపం పడినా దీపం ఆకారమే తెల్ల చుక్కగా అచ్చవుతుంది, ఎర్రకోటు మధ్యలో బల్బు కనిపిస్తుంది. దీపానికి ముందు పలచటి గుడ్డ కట్టి, వెలుగును పరచి ఆ మెరుపును అణిచేవారు. పట్టీ కింద, టోపీ అంచు కింద పడే నీడ అంత చిన్న బొమ్మ మీద లెన్సుకు అందనంత సన్నగా ఉంటుంది. మామూలు వెలుతురులో బొమ్మ చదునుగా కనిపించడానికి కారణం ఇదే.

ఇక్కడే రంగు వేసేవాళ్లు ముందుకొచ్చారు. మడతల్లో ముదురు రంగు, ఎత్తుల మీద లేత రంగు వేసి, లేని సూర్యుణ్ని కుంచెతోనే పుట్టించారు. న్యూరెంబర్గ్ పలచటి బొమ్మలకు ఇది మొదటినుంచీ అవసరమే. వాటికి నిజమైన లోతు లేదు గనుక నీడ మొత్తం చిత్రకారుడే కల్పించాలి. నిండు బొమ్మలకు అదే పద్ధతిని సాగించడంలో పత్రికల రంగుల ఫొటోల ఒత్తిడి బలమైనదని చెప్పక తప్పదు. ‘వైట్ డ్వార్ఫ్’ 1977లో, ‘మినియేచర్ వార్‌గేమ్స్’ 1983లో, ‘వార్‌గేమ్స్ ఇలస్ట్రేటెడ్’ 1987లో మొదలయ్యాయి. అరచేతిలో పట్టే బొమ్మ పేజీ నిండా పరచుకుంటే ప్రతి కుంచె గీతా బయటపడుతుంది. కాబట్టి కంటికి కనపడని స్థాయిదాకా రంగుల వరసలు సన్నగిల్లాయి. మెరుపు ఎనామిల్ తగ్గి, పొడిగా ఆరే మ్యాట్ రంగులు, మ్యాట్ వార్నిష్ స్థిరపడ్డాయి. ఈ మార్పులో ఒక నష్టమూ ఉంది. నెమ్మదిగా రెండడుగుల దూరంనుంచి చూడవలసిన బొమ్మను లెన్సు కోసం తీర్చిదిద్దడంతో, బల్ల మీద అది కొంచెం గీకినట్టు కనిపించే సందర్భాలు తక్కువేం కాదు.

లోతు లేమిని లోపంగా కాక ఆయుధంగా వాడినవాడు అమెరికన్ ఫొటోగ్రాఫర్ డేవిడ్ లెవింతాల్. 1977లో గ్యారీ ట్రూడోతో కలిసి ‘హిట్లర్ మూవ్స్ ఈస్ట్’ ప్రచురించాడు. రష్యా మీద జర్మన్ దాడిని ప్లాస్టిక్ బొమ్మలతో తిరిగి పన్ని, ఫోకస్‌ను సన్నని గీతలా ఉంచి, మిగతా అంతటినీ మసకలోకి తోసేశాడు. పాత యుద్ధ విలేకరి హడావుడిగా తీసిన ఫొటోలా తోచే ఆ చిత్రాల్లో ఏది బొమ్మో ఏది మనిషో చటుక్కున తేల్చుకోలేం. పత్రికలవాళ్లు దశాబ్దాలుగా పోగొట్టుకోవాలని చూసిన మసకే ఇక్కడ నమ్మకం కలిగించింది. ఎనభయ్యోపడి చివర్లో అతను 20×24 అంగుళాల పెద్ద పోలరాయిడ్‌లకు మారి, కౌబాయ్ బొమ్మలనూ అదే తీరులో తీశాడు.

డిజిటల్ కెమెరా వచ్చాక మొదట తగ్గింది ఖర్చు. ఫిల్ము కడిగేదాకా తెలియని తప్పు వెంటనే తెర మీద కనిపిస్తుంది. 2000 తర్వాత ఫోకస్ స్టాకింగ్ సాఫ్ట్‌వేర్ పాత పేచీని తీర్చింది. కెమెరాను కదపకుండా ముందు బాయొనెట్ మొన, తర్వాత ముఖం, తర్వాత సంచి, ఇలా ఫోకస్ జరుపుతూ పదో ఇరవయ్యో ఫొటోలు తీస్తారు. సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కదాంట్లో స్పష్టమైన భాగాన్ని ఏరి ఒకటిగా కుడుతుంది. ఎక్కువమందికి అంత శ్రమ కూడా పట్టదు. స్మార్ట్‌ఫోను సెన్సర్ చిన్నది కాబట్టి సహజంగానే లోతు ఎక్కువ దొరుకుతుంది. ఫోనును తలకిందులు చేసి బల్లకు ఆనిస్తే లెన్సు బొమ్మ కంటి ఎత్తుకు దగ్గరగా దిగుతుంది. వెనక పిల్లల డ్రాయింగు కాగితం మీద లేత నీలం పూసి నిలబెడితే ఆకాశం, కిటికీ వెలుతురుకు ఎదురుగా తెల్ల అట్ట పెడితే రెండో దీపం సిద్ధం.