యమదంష్ట్రల కాలంలో పండుగలు

భాద్రపద పౌర్ణమి దాటిన దగ్గర్నుంచి కార్తీక పౌర్ణమి దాకా తెలుగు పంచాంగాన్ని వరసగా చదివితే ఒక సంగతి తట్టక మానదు. మొదటి పక్షమంతా గతించిన పెద్దలది. వెంటనే తొమ్మిది రాత్రులు మహిషుణ్ని చంపిన అమ్మవారివి. ఇరవై రోజులు తిరగకుండానే నరకుడి చావు, యముడికి తర్పణం. అమావాస్య వెళ్లిన నాలుగోనాడు పుట్టలో పాలు. ఉగాదికీ శ్రీరామనవమికీ గుమ్మం తొక్కని చావు ఈ రెండు నెలల్లో ప్రతి పండుగకూ పీట వేయించుకుని కూర్చుంటుంది.

ఇంచుమించు ఇదే కాలంలో ఐర్లండు పల్లెలు దయ్యాల రాత్రి జరుపుకున్నాయి. మెక్సికోలో సమాధుల మీద బంతిపూలు పరుస్తారు. చైనా, జపాన్ వాళ్లు కాస్త ముందుగా ఆకలిగొన్న ప్రేతాలకు అన్నం పెడతారు. వీళ్లలో చాలామంది ఒకరి ముఖం ఒకరు చూసినవాళ్లు కారు. అయినా అందరికీ చచ్చినవాళ్లు గుర్తొచ్చేది శరత్తు ముంగిట్లోనే. ఎందుకన్న ప్రశ్నకు పుస్తకాల్లో దొరికే జవాబు కంటే గట్టి జవాబు కృష్ణా నది సముద్రంలో కలిసే ఈ దిగువ నేలలో దొరుకుతుంది. ఘంటసాల, బందరు, గుడివాడ, దివిసీమ వాసులకు శరత్తులోని భయం కథల్లో విన్నది కాదు, కళ్లారా చూసింది.

ఇక్కడి పాత పొర బౌద్ధం. క్రీ.శ. రెండో శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో పేర్కొన్న కంటకొస్సిల రేవు ఘంటసాలేనని చరిత్రకారుల మాట. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంనాటి శాసనం ఒకటుంది. బోధిశ్రీ అనే ఉపాసిక వేయించింది. కంటకసెల మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం కట్టించానని అందులో చెప్పుకుంది. ఆ దానాల పుణ్యాన్ని తానొక్కతే మూటగట్టుకోలేదు, పుట్టింటివాళ్లకూ మెట్టినింటివాళ్లకూ పేరుపేరునా పంచింది. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాలను అలెగ్జాండర్ రే పరిశీలించి రాసిన గ్రంథం 1894లో వెలువడింది. బుద్ధుడి ధాతువుల మీద పేర్చిన దిబ్బ చుట్టూ ఊరు ఊరంతా అల్లుకున్న చోటు ఇది. చచ్చినవాళ్లను ఊరవతలకు తోసెయ్యకుండా నడిబొడ్డున నిలబెట్టుకోవడం అప్పటికే ఇక్కడివాళ్లకు అలవాటు.

పుణ్యం పంచిపెట్టాలన్న ఈ ఆలోచనే ప్రేతాల పండుగలకు మూలధాతువు. పాలి భాషలోని పేతవత్థులో చనిపోయినవాళ్లు తమ ఇళ్ల గోడల అవతల, నాలుగు దారులు కలిసే చోట నిలబడి ఎదురుచూస్తుంటారు. వాళ్ల పేరున భిక్షువులకు దానం చేస్తే ఆ ఫలం వాళ్లకు చేరుతుంది. చైనా చేరేసరికి దీనికి మౌద్గల్యాయనుడి తల్లి కథ తోడైంది. ప్రేతలోకంలో పడి, నోటి దగ్గరికి తెచ్చుకున్న అన్నం నిప్పై మండుతుంటే తినలేక అలమటించే తల్లి ఆమె. వర్షావాసం ముగించిన భిక్షువులకు ఏడో నెల పౌర్ణమినాడు భోజనం పెట్టి కొడుకు ఆమెను ఒడ్డెక్కించాడు. జపాన్ రాజచరిత్రలో ఈ వేడుక ప్రస్తావన 657 నాటికే ఉంది. ఈ ఆలోచనకు పుట్టినిల్లయిన మన దేశంలో బౌద్ధం అడుగంటింది కాని, వానలు వెనక్కి తగ్గే వేళ చచ్చినవాళ్ల ఆకలి తీర్చాలన్న పట్టింపు మాత్రం పోలేదు. అది మహాలయ పక్షంలో ఉంది.

మహాలయానికి చెప్పే కథలోనూ అన్నమే ముఖ్యం. దానకర్ణుడు స్వర్గానికి వెళితే ముట్టుకున్నదల్లా బంగారమైంది, మెతుకు దొరకలేదు. బతికినన్నాళ్లూ బంగారం ఇచ్చాడు కాని పితరుల పేరున అన్నం పెట్టలేదట. పదిహేను రోజులు గడువు తీసుకుని భూమ్మీదికొచ్చి ఆ లోటు తీర్చుకున్నాడు. ఘంటసాల మండలంలోనే కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం ఉంది. ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. అమావాస్యనాడు ఇలాంటి ఏటిరేవుల్లో దర్భలు, నువ్వులు, నీళ్లు విడిచే చేతులు కనిపిస్తాయి. తద్దినం పెట్టే ఆనవాయితీ లేని ఇళ్లలో స్వయంపాకం ఇస్తారు. విస్తరిలో బియ్యం, ఆ పక్కన పెసరపప్పు, కంద, అరటికాయ, గుమ్మడిముక్క, చింతపండు, ఉప్పు, పైన తాంబూలం, దక్షిణ. ఇచ్చేవాళ్లు తాతముత్తాతల పేర్లు చెప్పుకుంటారు. మూడో తరం దాటాక పేరు గుర్తురాక ఫోన్ చేసి పిన్నినో బాబాయినో అడిగేవాళ్లూ ఉంటారు. తెలంగాణలో ఇదే పెత్రమావాస. పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చి, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తారు. పెద్దల రోజునే ఆడపిల్లల పూల పండుగ మొదలు కావడం అక్కడ ఎవరికీ ఎబ్బెట్టుగా తోచదు.

తర్పణంతో పెద్దల పక్షం ముగుస్తుంది. ఆ రుతువు తెచ్చే భయం మిగిలిపోతుంది. వసంతం, శరత్తు రెండూ యముడి కోరల్లాంటివని, రోగాలతో జనాన్ని నమిలేస్తాయని, అందుకే ఆ రెండు వేళల్లో చండికను కొలవమని దేవీభాగవతం చెబుతుంది. శార్ఙ్గధరుడి వైద్యగ్రంథం ఇంకా కచ్చితంగా కార్తీకం చివరి ఎనిమిది రోజులు, మార్గశిరం మొదటి ఎనిమిది రోజులు యమదంష్ట్ర అంది. అప్పుడు మితంగా తిన్నవాడే బతికి బట్టకడతాడట. వానలు తగ్గి, నిలవనీటిలో దోమలు పెరిగి, పగటి ఎండ, రాత్రి మంచు కలిసి జ్వరాలు తెచ్చే డెల్టా పల్లెలో ఈ మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఆ భయాన్ని బందరు మొహానికి తొడుక్కుంది. దసరాకు అక్కడ శక్తిపటాలు లేస్తాయి. కోరలు, వేలాడే ఎర్రనాలుక ఉన్న కాళిక తొడుగు మొహానికి. వేషం కట్టిన మనిషికి రెండింతలుండే, రంగులద్దిన అమ్మవారి పటం వీపుకు. ముందు డప్పులు. ఆ బరువుతోనే అడుగులు వేస్తూ వీధులు తిరుగుతారు. విజయదశమి రాత్రి పటాలన్నీ కోనేరు సెంటరుకు చేరతాయి. చంకనెత్తుకున్న చంటిపిల్లలు జడుసుకుని తల్లి భుజంలో మొహం దాచుకుంటే, తల్లులు వాళ్ల మొహం తిప్పి దణ్ణం పెట్టిస్తారు. ఈ సంప్రదాయం కలకత్తా కాళి దగ్గర్నుంచి వచ్చిందని ఊళ్లో పెద్దలు చెబుతారు. ఓడలూ సిపాయిలూ వర్తకులూ తిరిగిన రేవుపట్నంలో అది నమ్మదగ్గ మాటే. ఐర్లండులోనూ పిల్లలు భయంకరమైన వేషాలు కట్టారు, అయితే దయ్యాలు తమను గుర్తుపట్టకుండా ఉండటానికని అక్కడ చెబుతారు. బందరులో వేషం దాక్కోవడానికి కాదు. అది కట్టినంతసేపూ ఆ మనిషే శక్తి.

పడమట ఈ రుతువులో ఇల్లిల్లూ అడుక్కునే పిల్లల్లాంటివాళ్లు మనకూ ఉండేవారు. వీధిబడుల రోజుల్లో దసరాకు పిల్లలు రంగుకాగితాలు అతికించిన వెదురు విల్లంబులు పట్టుకుని, పంతులుగారి వెనక ఇల్లిల్లూ తిరిగి పద్యాలు పాడేవారు. గురువుగారికి డబ్బు, పిల్లలకు పప్పుబెల్లాలు. మధ్యయుగాల ఇంగ్లండులో పేదలూ పిల్లలూ గుమ్మం గుమ్మం తిరిగి చచ్చినవాళ్ల ఆత్మల కోసం ప్రార్థిస్తామని చెప్పి చిన్న రొట్టెలు పుచ్చుకునేవారు. ఒకచోట చదువు పేరు, ఒకచోట ఆత్మ పేరు. రెండుచోట్లా రుతువు మారే వేళ ఇచ్చే చెయ్యి బిగించుకోకూడదన్నదే కట్టుబాటు.

దీపావళిని వెలుగు పండుగ అనేసి ఊరుకుంటాం గాని, దాని లోపలంతా యముడే. నరక చతుర్దశి తెల్లవారుజామున తలంట్లు అయ్యాక యముడికి పద్నాలుగు పేర్లతో తర్పణం విడవాలి. అమావాస్య సందెవేళ పిల్లల చేత దివిటీలు కొట్టిస్తారు. గోగుకాడలకు నూనెలో తడిపిన గుడ్డపీలికలు చుట్టి, వెలిగించి, గుమ్మం ముందు నేలకేసి కొట్టి అక్కడే పారేస్తారు. వెనక్కి చూడకుండా లోపలికొచ్చి కాళ్లూ కళ్లూ కడుక్కుని నోట్లో మిఠాయి వేసుకుంటే గాని టపాకాయల జోలికి పోనివ్వరు. మహాలయానికి వచ్చిన పితరులకు తిరుగుదారి చూపే వెలుగు ఇదని ధర్మశాస్త్రాల మాట. కార్తీకమంతా గుడి ధ్వజస్తంభం మీదికి ఎక్కించే ఆకాశదీపానికీ ఇదే అర్థం చెబుతారు. నాగులచవితికి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి పుట్ట దగ్గర జనం కిక్కిరిసిపోతారు. వరిచేలల్లో కట్లపాము, రక్తపింజరి తిరిగే సీమలో అది ముద్దుముచ్చటల పూజ కాదు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎక్కువైనప్పుడు ఒకపక్క అవనిగడ్డ ఆసుపత్రిలో విషం విరుగుడు సూదులు వేస్తుంటే, మరోపక్క దేవాదాయ శాఖ మోపిదేవిలో సర్పయాగం చేయించింది.

పడమటి పండుగ ఈ తీరానికి వచ్చింది హాలోవీన్ రూపంలో కాదు, చర్చి మృతుల దినంగా. పశువులను కొండల మీద నుంచి ఇళ్లకు తోలుకొచ్చి, చలికాలానికి తలుపు వేసుకునే వేళ ఐర్లండువాళ్లు తమ దయ్యాల రాత్రి, అంటే సావిన్ జరిపేవారు. ఆ రాత్రి రెండు లోకాల మధ్య గడి ఊడిపోతుందని నమ్మకం. నవంబరు 1ని సకల పునీతుల దినంగా చర్చి స్థిరపరచింది తొమ్మిదో శతాబ్దంలో. క్లూనీ మఠాధిపతి ఓడిలో పదకొండో శతాబ్దపు తొలినాళ్లలో నవంబరు 2ను మృతుల స్మరణకు కేటాయించాడు. 1840ల కరువులో ఐరిష్‌వాళ్లు అమెరికాకు వలస పోతే వాళ్ల టర్నిప్ దుంప దీపం అక్కడ గుమ్మడికాయ దీపమైంది. మన దసరాకు దిష్టి తీసి పగలగొట్టే బూడిదగుమ్మడి ఆసియా కాయ, ఆ దీపం చెక్కే గుమ్మడి అమెరికా కాయ. దుష్టశక్తిని తరిమే పని మాత్రం రెంటికీ పడింది. కృష్ణా జిల్లాలో క్రైస్తవ కుటుంబాలకు నవంబరు 2 సమాధుల పండుగ. గడ్డి చెక్కి, సున్నం కొట్టి, బంతిదండలు వేసి, కొవ్వొత్తులు వెలిగిస్తారు.

ఇక కథలు ఆగి సముద్రం మాట్లాడిన రాత్రులు. 1864 నవంబరు 1. చర్చి లెక్కన సకల పునీతుల దినం. పంచాంగం లెక్కన దీపావళి వెళ్లి యముడు చెల్లెలింటికి భోజనానికి వచ్చే కార్తీక శుద్ధ విదియ. ఆ రాత్రి తుఫానుతో పాటు ఉప్పెన బందరు మీద పడింది. దాదాపు 30,000 మంది పోయారు. డచ్చివాళ్ల కాలం నుంచి పేరుమోసిన రేవు మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. మళ్లీ 1977 నవంబరు 19, అదీ కార్తీకమే. దివిసీమలో సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లను ఉప్పెన ఊడ్చుకుపోయింది. అధికారిక లెక్కల్లోనే మృతులు 10,000 దాకా తేలారు. ఎవరి శవం ఎవరిదో తెలియక సామూహికంగా దహనం చేశారు. పోయిన తేదీ తెలిసీ పిండం పెట్టే వారసుడు మిగలని ఇళ్లున్నాయి. అలాంటివాళ్ల కోసం కూడా పంచాంగం మహాలయం చివర సర్వపితృ అమావాస్య అనే ఏర్పాటు చేసి ఉంచింది.

ఈ తారీఖులను వరిచేను పక్కన పెట్టి చూస్తే ఈ పండుగల అమరిక అర్థమవుతుంది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు కాలవ నీళ్ల సార్వా స్థిరపడింది. ఆశ్వయుజ కార్తీకాల్లో వరి పొట్టకొచ్చి, ఈని, పాలు పోసుకుంటుంది. పెట్టుబడంతా పొలంలో ఉంటుంది, గింజ ఇంట్లో ఉండదు. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతం కదులుతుంది. ఐర్లండులో దయ్యాల రాత్రి వచ్చేసరికి పంట ఇల్లు చేరి ఉండేది, భయమంతా రాబోయే చలి గురించి. ఇక్కడ భయం పంటకు ముందే వస్తుంది. అందుకే కోస్తా రైతుకు అసలైన పెద్దల పండుగ శరత్తులో కాదు, సంక్రాంతికి. కొత్తబియ్యం ఇంటికొచ్చాక పొంగలి, గారెలు వండి, పెద్దల పటాల ముందు కొత్తబట్టలు పెట్టి, ఆ తర్వాతే తాము కట్టుకుంటారు. మహాలయంలో నువ్వులూ నీళ్లతో తెరిచిన ఖాతాను సంక్రాంతి నాడు కడుపునిండా పెట్టి మూస్తారు. మధ్యలోని దసరా, దీపావళి, నాగులచవితి ఆ ఖాతా తెరిచి ఉన్న కాలంలో కాసుకునే కాపలా.

ఇప్పుడు అమెరికాలో తెలుగు ఇళ్ల గుమ్మాల్లో గుమ్మడికాయ దీపం, దీపావళి ప్రమిద పక్కపక్కనే వెలుగుతున్నాయి. హైదరాబాదులోనూ అక్టోబరు 31న పిల్లలకు అస్థిపంజరం చొక్కాలు తొడుగుతున్నారు. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు, పిల్లలకు భయం ఆటే కావాలి. కాని ఆ వేడుక దారిలో తన మృతులను వదిలేసి వచ్చింది. మిఠాయి మిగిలింది, ఎవరి పేరున పంచుతున్నామన్నది పోయింది. దివిసీమలో 1977 తర్వాత తుఫాను షెల్టర్లు వచ్చాయి. వాయుగుండం కబురు ఫోనులో రోజుల ముందే అందుతోంది. ప్రాణభయం నిజంగానే తగ్గింది. అయినా ప్రతి నవంబరు 19న అక్కడ నివాళులు జరుగుతాయి, ప్రతి మహాలయ అమావాస్యకూ స్వయంపాకం విస్తళ్లు లేస్తాయి. వాతావరణ శాఖ భయాన్ని తగ్గించగలదు గాని, పోయినవాళ్లకు మనం పడ్డ బాకీని చెల్లించలేదు. ఈ పండుగలు నిలిచింది ఆ బాకీ మీద.